సినిమాలు, మార్కెట్, ఆటల నుంచి పిల్లలకు విశ్వాస పాఠాలు చెప్పొచ్చా?

హనుమకొండ సండే స్కూల్ టీచర్:

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. మా సంఘంలో ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలకు ఆదివారం క్లాసు నేనే చెప్తాను. చిన్నపిల్లలైతే దావీదు, గొల్యాతు అనగానే కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు. వీళ్ళకు ఆ కథలన్నీ ముందే వచ్చు. నేను మొదలుపెట్టగానే చివర ఏం చెప్పబోతున్నానో వాళ్ళే చెప్పేస్తారు, ఆ తర్వాత బెంచీ కింద ఫోన్లు. అట్లా అని వాళ్ళకు దేవుడంటే లెక్కలేదని నేను అనను. ప్రార్థన అంశాలు అడిగితే ఇంట్లో అప్పుల గురించి, నాన్న తాగుడు గురించి, నీట్ టెన్షన్ గురించి మనసు విప్పి చెప్తారు. ఆ కష్టాలకూ నేను చెప్పే పాఠానికీ మధ్య దారి లేకుండా పోతోంది, నా బాధ అదే.

అందుకని వాళ్ళు చూసేవి, వాళ్ళ చుట్టూ జరిగేవి తీసుకుని మాట్లాడటం మొదలుపెట్టాను. ఒక ఆదివారం 'బలగం' సినిమా గురించి అడిగితే ఎప్పుడూ నోరు తెరవని పిల్లలు కూడా మాట్లాడారు. ఒక అమ్మాయి వాళ్ళ నాన్నకూ పెదనాన్నకూ గట్టు దగ్గర గొడవై మాటలు లేవని చెప్తూ ఏడ్చింది. క్లాసు అయ్యాక ఒక సంఘ పెద్ద నన్ను పక్కకు పిలిచి "గుడిలో సినిమా ముచ్చట ఎందుకమ్మా, అందులో కాకికి పిండం పెట్టేది ఉంది, అది మన విశ్వాసం కాదు గదా" అన్నారు. ఆయన పిల్లల మీద ప్రేమ ఉన్న మనిషి, కోపంతో అన్న మాట కాదు. అందుకే కొట్టిపారేయలేకపోతున్నాను.

రోజువారీ జీవితం నుంచి, సినిమాల నుంచి, ఆటల నుంచి విశ్వాస పాఠాలు తీయడం సరైనదేనా? సరైనదైతే ఎంతవరకు? మీరెవరైనా చేస్తుంటే ఎట్లా చేస్తున్నారో కాస్త వివరంగా చెప్పండి.

ఎనుమాముల గుమాస్తా:

చెల్లెమ్మా, వందనాలు. నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో లెక్కలు రాస్తాను. ముందు ఒక్క మాట, యేసయ్య చెప్పిన ఉపమానాలు ఒకసారి వరుసగా చూడండి. విత్తనాలు చల్లేవాడు, పిండిలో పులిపిండి కలిపే ఆడమనిషి, పోయిన నాణెం కోసం ఇల్లు ఊడ్చే ఆమె, చేపల వల, అప్పు తీర్చలేని నౌకరు, కూలీలను పిలవడానికి పొద్దున్నే బయల్దేరిన యజమాని. వింటున్న వాళ్ళు ఆ పొద్దున చేసి వచ్చిన పనులే ఇవన్నీ. కాబట్టి చెప్పొచ్చా అనే దాని మీద నాకైతే అనుమానం లేదు.

కానీ ఎట్లా చెప్పాలి అన్నదగ్గర మనం తొందరపడుతున్నాం అనిపిస్తుంది. మత్తయి 20లో ద్రాక్షతోట కూలీల ఉపమానం తీసుకోండి. పొద్దున వచ్చినవాళ్ళకూ ఆఖరి గంటకు వచ్చినవాళ్ళకూ యజమాని ఒకే కూలి, ఒక్కో దేనారం ఇస్తాడు. నేను విన్న ప్రసంగాల్లో ఎక్కువ భాగం రెండు నిమిషాల్లో కూలీలను దాటేసి "ఇదే దేవుని కృప" దగ్గరకు వచ్చేస్తాయి. ఒక్కసారి పొద్దున మన కూలీల అడ్డా దగ్గర నిలబడి చూసి ఆ అధ్యాయం చదవండి. మేస్త్రీలు వచ్చి ముందు ఎవరిని బండి ఎక్కిస్తారు? కండబలం ఉన్న కుర్రాళ్ళను. పది దాటాక అక్కడ మిగిలేది ఎవరు? నడుం వంగిన వాళ్ళు, జబ్బు చేసి లేచిన వాళ్ళు, చంకలో పిల్ల ఉన్న ఆడవాళ్ళు. ఇక ఎవరూ పిలవరని తెలిసి కూడా ఉత్త చేతులతో ఇంటికి పోలేక నిలబడతారు. ఉపమానంలో సాయంత్రం ఐదింటికి యజమాని "ఎందుకు ఖాళీగా నిలబడ్డారు" అని అడిగితే వాళ్ళు చెప్పిన జవాబు కూడా అదే, మమ్మల్ని ఎవరూ పనికి పిలవలేదు అని. వాళ్ళేం సోమరిపోతులు కాదు. దేనారం అంటే ఆ కాలంలో ఒక రోజు కూలి, ఇంటిల్లిపాదీ ఒక రోజు తినే తిండి. గంట పనికి గంట కూలి ఇస్తే ఆ రాత్రి వాళ్ళ ఇంట్లో పొయ్యి వెలగదు, అది ఆ యజమానికి తెలుసు. ఇది కళ్ళతో చూశాక కృప అనే మాట పిల్లలకు వేరే వివరించాల్సిన పని లేదు.

మా యార్డు సంగతి కూడా చెప్తాను. మిర్చి సీజన్‌లో రైతు రాత్రే సరుకు తెచ్చి బస్తాల మీదే పడుకుంటాడు. పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు పై రేటు తేల్చే వేలం అవుతుంది, పేపర్లో వచ్చే రేటు అదే. కానీ ఆ రేటు పలికేది కొద్ది సరుకుకే, మిగతా వాళ్ళకు తేమ అనీ తాలు అనీ రంగు అనీ తగ్గుతుంది. తర్వాత కాంటా, దడువాయి తూకం చదువుతాడు, హమాలీలు ఎత్తుతారు, చివరికి తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే లెక్క చీటీ, రాసేది నా చెయ్యి. సామెతలు 11:1లో "దొంగత్రాసు యెహోవాకు హేయము" అని ఉంది. ఆమోసు 8లో ఇంకా సూటిగా ఉంటుంది, కొలత చిన్నది చేసి, త్రాసు మోసం చేసి, చచ్చు ధాన్యం అమ్మేవాళ్ళ గురించి, వాళ్ళు పండుగ ఎప్పుడైపోతుందా మళ్ళీ అమ్మకాలు ఎప్పుడు పెడదామా అని గుళ్ళో కూర్చుని ఎదురుచూసే సంగతి కూడా. ఆ అధ్యాయం నేను యార్డులో కూర్చుని చదివితే ఒక తీరుగా, చర్చిలో కూర్చుని చదివితే ఇంకో తీరుగా ఉంటుంది. తక్‌పట్టీలో ప్రతి పద్దు, బరువెంత, తరుగెంత, హమాలీ ఎంత, రైతుకు గట్టిగా చదివి వినిపించాకే చేతికిస్తాను. దుకాణంలో ఇది అందరికీ నచ్చదు. నచ్చకపోయినా చదువుతాను.

అందుకే నేనడిగేది, చూసినదాని నుంచి పాఠం తీస్తే అది మన చేతి పనిని ఎక్కడో ఒకచోట తాకాలి. "తూకం సరిగ్గా ఉండాలి, మన జీవితం కూడా దేవుని తూకంలో సరిగ్గా ఉండాలి" అని చెప్పి ఊరుకుంటే కాంటా దగ్గర మోసపోయిన రైతు ఆ పాఠంలో కనిపించకుండా పోతాడు. అలాంటి పాఠం వద్దు.

పరకాల నుంచి ఒక తండ్రి:

సిస్టర్ గారికి వందనములు. మీ సంఘ పెద్ద అన్నదాంట్లో నిజం ఉంది, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. "ఈ లోకమునైనను లోకములో ఉన్నవాటినైనను ప్రేమింపకుడి" అని 1 యోహాను 2:15లో స్పష్టంగా ఉంది. మా అబ్బాయి వెళ్ళే యూత్ మీటింగ్‌లో ప్రతి వారం ఏదో ఒక సినిమా హీరోతో మొదలుపెడతారు. ఇంటికి వచ్చాక ఏం చెప్పారు నాయనా అంటే డైలాగ్ అప్పజెప్తాడు, ఏ వాక్యభాగం అంటే నోరు మెదపడు.

ఇంకోటి, ఆ పోలికలే తప్పు దారిలో ఉంటాయి. హీరో ఒంటరిగా వందమందిని నరికి ఊరిని కాపాడతాడు, అయ్యగారు (పాస్టర్) వెంటనే "మన యేసయ్య కూడా అట్లాగే మనకోసం" అంటారు. ఎట్లా అట్లాగే అవుతుంది? గెత్సేమనేలో పేతురు కత్తి తీస్తే ఒరలో పెట్టమన్నాడు, తనను కొట్టినవాళ్ళ కోసం సిలువ మీద ప్రార్థన చేశాడు. పగ తీర్చుకునే కథను తెచ్చి క్షమించే ప్రభువుకు తొడిగితే పిల్లల మనసులో ఏ ప్రభువు మిగులుతాడు? సినిమా రెండున్నర గంటలు పాటలతో రంగులతో చెప్తుంది, మనం నలభై నిమిషాలు చెప్తాం. ఆ నలభై నిమిషాలైనా వాక్యానికి వదలండి. మార్కెట్ అన్నగారు చెప్పిన అడ్డా సంగతి మాత్రం బాగుంది, అది వాక్యాన్ని తెరిచింది. నా అభ్యంతరం వాక్యాన్ని మూసేవాటి మీదే.

డోర్నకల్ రిటైర్డ్ తెలుగు పండిట్:

అమ్మా, పరకాల బాబు చెప్పిన కత్తి మాట నాకు చాలా నచ్చింది, దాని దగ్గరకు మళ్ళీ వస్తాను. ముందు ఆ "లోకం" సంగతి. ఆ వచనం కిందనే లోకంలో ఉన్నది ఏమిటో యోహాను గారే చెప్పారు, శరీరాశ, నేత్రాశ, జీవపు డంబం అని. పొలం, పాట, కథ ఆ జాబితాలో లేవు. అపొస్తలుల కార్యములు 17లో పౌలు గారు ఏథెన్సులో ఏం చేశారు? ఊరంతా తిరిగి చూశారు, తెలియబడని దేవునికి అని రాసిన బలిపీఠం దగ్గర మాట మొదలుపెట్టారు, వాళ్ళ కవులు రాసిన మాటే ఎత్తి చెప్పారు. ఆ కవులు క్రైస్తవులు కారు, యూదులూ కారు. అయితే ఆ అధ్యాయంలోనే, విగ్రహాలతో నిండిన ఆ పట్టణాన్ని చూసి ఆయన ఆత్మ పరితపించిందని కూడా ఉంది. ఆ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. బాధపడ్డాడు, అయినా తిట్టకుండా వాళ్ళ మాటతోనే మొదలుపెట్టాడు.

మన దగ్గర కూడా ఇది కొత్త కాదు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు 19వ శతాబ్దంలో వచ్చాయి. పాత కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా పాటల మీద రాగం, తాళం రాసి ఉంటాయి, అవి ఈ నేల మీద పాడుకుంటున్న రాగాలే, ఆయన క్రీస్తు కోసం వాటిలోనే పాడారు. మా డోర్నకల్ కెతడ్రల్ చూసినవాళ్ళకు తెలుసు, గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది, స్తంభాలు చూస్తే గుడి మండపం గుర్తొస్తుంది. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయిన అజరయ్య గారి ఊరు ఇది, ఆ కెతడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. ఇంగ్లండు చర్చిని తెచ్చి ఇక్కడ పెట్టాలని ఆయన అనుకోలేదు. ఇక సినిమా అంటారా, 'కరుణామయుడు' 1978లో వచ్చింది, ఆ తర్వాత ఎన్నో ఊళ్ళలో గుడ్డ తెర కట్టి వేశారు. చదువురాని మా పెద్దవాళ్ళకు సువార్త ఆ తెర మీద కనిపించింది.

ఇప్పుడు కత్తి మాట. సినిమా గురించి మాట్లాడటమంటే దాన్ని పొగడటం కాదు, దానితో విభేదించడం కూడా పాఠమే. పగ తీర్చుకునే సినిమా పిల్లలు ఎట్లాగూ చూస్తారు, మనం చెప్పినా చెప్పకపోయినా. "హీరో చేసింది న్యాయమా? చచ్చినవాడి పిల్లలు ఏమయ్యారు?" అని క్లాసులో అడగండి, వాళ్ళనే వాదించుకోనివ్వండి, అప్పుడు మత్తయి 26 తెరవండి. మార్కెట్ తమ్ముడు వస్తువును సరిగ్గా చూడమన్నాడు, అది సినిమాకు కూడా వర్తిస్తుంది. అది ఏం చెప్తోందో దాన్ని చెప్పనిచ్చి, ఆ తర్వాత దానితో మాట్లాడాలి. అందులో లేని క్రీస్తును బలవంతంగా దూర్చకూడదు.

'బలగం' విషయం. అందులో ఇంటిపెద్ద చనిపోతే కాకి పిండం ముట్టదు. ఎందుకు ముట్టదంటే ఇంట్లో వాళ్ళ మధ్య మాటల్లేవు, ఎప్పుడో భోజనాల దగ్గర నల్లిబొక్క (మూలుగ ఎముక) కోసం మొదలైన పంతం ఏళ్ళకేళ్ళు సాగింది. సినిమా చివర్లో వచ్చే పాట పాడిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు మన దుగ్గొండి వాళ్ళే, బుడగ జంగాల కళాకారులు. మొగిలయ్య గారు 2024 డిసెంబరులో పోయారు. ఆ సినిమాను ఊరూరా తెరలు కట్టి చూశారు, జనం ఏడ్చారు. మీ పెద్ద చెప్పినట్టు ఆ కర్మకాండ మన విశ్వాసం కాదు, మనది అని చెప్పనక్కర్లేదు. కాకిని పరిశుద్ధాత్మకు పోల్చే పని అసలే చేయకండి, అది వాళ్ళ నమ్మకానికీ అన్యాయం, మన నమ్మకానికీ అన్యాయం. కానీ మత్తయి 5:23, 24 పక్కన పెట్టి చూడండి. బలిపీఠం దగ్గర అర్పణ పెడుతుండగా సహోదరునికి నీ మీద ఏదో విరోధం ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే విడిచిపెట్టి, వెళ్ళి ముందు సమాధానపడు అన్నారు ప్రభువు. అన్నదమ్ములు మాట్లాడుకోని ఇంట్లో నైవేద్యం పెట్టినా చెల్లదన్న సంగతి ఊళ్ళో జనానికి వాళ్ళ పద్ధతిలో తెలుసు, ప్రభువు దాన్ని ఆరాధన మధ్యలోకే తెచ్చారు. కానుక పళ్ళెం ముందుకు వస్తుంటే లేచి బయటకు పోయి అన్నతో మాట్లాడి రమ్మన్నారు! మన సంఘాల్లో ఎవరైనా అట్లా లేచి పోవడం చూశామా?

మీ క్లాసులో ఏడ్చిన ఆ అమ్మాయికి ఈ వాక్యం చెప్పేముందు ఒకటి ఆలోచించండి. సమాధానపడాల్సింది ఆమె నాన్న, పెదనాన్న. ఆ భారం పసిదాని నెత్తిన పెట్టకూడదు. ఇది ఆదివారం క్లాసులో తేలే విషయం కాదు, ఆ పెద్దలిద్దరి దగ్గరకు అయ్యగారు వెళ్ళాలి.

హనుమకొండ సండే స్కూల్ టీచర్:

పండిట్ సార్, మీ చివరి మాట చదివి చాలాసేపు ఆలోచించాను. అయ్యగారితో మాట్లాడతాను, ఆ అమ్మాయి ఒప్పుకుంటేనే.

ఇంకో ప్రశ్న. కాకి సంగతి వచ్చినప్పుడు ఒక అబ్బాయి అడిగాడు, "టీచర్, మా అమ్మమ్మ వాళ్ళు పెడతారు, మా ఫ్రెండ్స్ ఇళ్ళల్లో పెడతారు, వాళ్ళది తప్పా?" అని. నేను తర్వాత చెప్తానన్నాను. ఏం చెప్పాలి?

పరకాల తండ్రి గారూ, వాక్యభాగం పిల్లలకు గుర్తుండట్లేదన్నది నిజమే. ఇక నుంచి ముందు వాక్యమే చదివిస్తాను, ఆ తర్వాతే మిగతాది.

డోర్నకల్ రిటైర్డ్ తెలుగు పండిట్:

ముందు వాక్యం చదివించాలన్న నియమం పెట్టుకోకండమ్మా, ఒక్కోసారి తర్వాత చదివితేనే అది గుచ్చుకుంటుంది. 2 సమూయేలు 12 చూడండి. ఇంకొకడి భార్యను తీసుకున్న దావీదు రాజు దగ్గరకు నాతాను ప్రవక్త వెళ్ళి ధర్మశాస్త్రం చదవలేదు. ఒక ధనవంతుడు లాక్కున్న బీదవాడి గొర్రెపిల్ల కథ చెప్పాడు, దావీదు కోపంతో ఊగిపోయి ఆ మనిషికి శిక్ష వేసేశాడు, అప్పుడు "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. ముందే చెప్పి ఉంటే దావీదు తలుపులు మూసుకునేవాడు.

ఆ అబ్బాయి ప్రశ్నకు నేనైతే ఇట్లా చెప్తాను. "మీ అమ్మమ్మ చనిపోయినవాళ్ళను మరచిపోకుండా ప్రేమతో పెడుతోంది, ఆ ప్రేమను గౌరవించు. మనం మాత్రం చనిపోయినవాళ్ళు ప్రభువు చేతిలో ఉన్నారని నమ్ముతాం, అందుకని మనం పెట్టం." అంతే. తెలంగాణలో ఎన్ని ఇళ్ళల్లో ఒక అన్న గుడికి, ఒక తమ్ముడు చర్చికి పోతున్నారు, ఒకే కంచం దగ్గర కూర్చుంటున్నారు. 1 పేతురు 3:15లో మన నిరీక్షణను గురించి సాత్వికంతో జవాబు చెప్పమని ఉంది, వెక్కిరించమని లేదు. అమ్మమ్మను తప్పుపట్టే పిల్లాణ్ని తయారుచేస్తే మనం ఏం నేర్పినట్టు?

కాజీపేట అక్క:

అందరికీ స్తోత్రం. మేము కతోలికులం, ఫాతిమానగర్ వైపు ఉంటాం. మీ మాటలు చదువుతుంటే నాకు తోచింది ఒకటి చెప్తాను, సినిమా గురించి కాదు.

మా ఇంటాయన రైల్వేలో కీమ్యాన్. రోజూ తన బీట్‌లో పట్టాల వెంట నడుస్తాడు, ఎండాకాలమైనా చలికాలమైనా, భుజాన సుత్తి, స్పానర్, ఎర్రజెండా, పచ్చజెండా. పట్టాను పట్టి ఉంచే కీ వదులైతే కొట్టి బిగిస్తాడు, పట్టాలో పగులు లాంటిది కనిపిస్తే బండి ఆపాల్సిందే. ఆ పట్టాల మీద ఢిల్లీ బండ్లు పోతాయి, లోపల పడుకున్న ఒక్కరికీ ఆయన సంగతి తెలియదు. కీర్తనలు 121లో ఇశ్రాయేలును కాపాడేవాడు కునుకడు, నిద్రపోడు అని ఉంది గదా, పూజలో ఆ కీర్తన పాడినప్పుడల్లా నాకు ఈయన నడక గుర్తొస్తుంది. ఇది ఎవరూ ప్రసంగంలో చెప్పలేదు, నాకే తట్టింది. పిల్లలకు కూడా వాళ్ళకే తట్టాలని నా ఆశ. టీచరమ్మే ప్రతిసారీ పోలిక వెతికి చేతిలో పెడితే వాళ్ళు ఎప్పుడు వెతుక్కుంటారు?

మా దగ్గర ఒక అలవాటు ఉంది, పునీత లొయోలా ఇగ్నేషియస్ గారు 16వ శతాబ్దంలో నేర్పించింది. రాత్రి పడుకునే ముందు ఆ రోజంతా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవాలి. ముందు దేనికి కృతజ్ఞత చెప్పాలో చూడాలి, తర్వాత దేవుడు ఎక్కడ దగ్గరగా అనిపించాడు, నేను ఎక్కడ దూరం జరిగాను అని చూసుకోవాలి, క్షమాపణ అడగాలి, రేపటికి సాయం అడగాలి. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ, హాస్టల్లో ఉంది, ఫోన్ చేసినప్పుడు "ఇవాళ ఎక్కడ కనిపించాడే?" అని అడుగుతాను. ఒకరోజు మెస్‌లో పనిచేసే ఆమె జ్వరం వచ్చినపిల్ల కోసం అడగకుండానే జావ కాచి ఇచ్చిందట, "అక్కడ కనిపించాడమ్మా" అంది. ఒక్కోరోజు "ఎక్కడా కనిపించలేదమ్మా" అంటుంది. అది కూడా వింటాను. కనిపించలేదన్న రోజు ఏదో ఒకటి చెప్పి నోరు మూయించకూడదు, కీర్తనల్లో ఎన్నో అలాంటి రోజుల్లో పుట్టినవే.

నర్సంపేట పీఈటీ (బడిలో ఆటల టీచర్):

వందనాలు టీచర్ గారూ. ఆటల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. క్రికెట్ పోలికలు దయచేసి తగ్గించండి, దేవుడు అంపైర్, సాతాను బౌలర్, ఇవి విని విని పిల్లలు విసిగిపోయారు. అందులో ఆటా ఉండదు, దేవుడూ ఉండడు.

పౌలు గారు 1 కొరింథీ 9లో పరుగు పందెం గురించి రాశారు, వాడిపోయే కిరీటం కోసం వాళ్ళు అన్ని విషయాల్లో మితంగా ఉంటారు అని. ఆయన మాటలు చూస్తే శిక్షణ ఎంత కష్టమో తెలిసిన మనిషి అనిపిస్తుంది. మన జిల్లాలోనే పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజి ఉంది. 2024 మేలో కోబేలో ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. టీ20 విభాగం, అంటే బుద్ధి వికాసంలో వైకల్యం ఉన్నవాళ్ళ విభాగం. అమ్మానాన్నలు కూలి చేసి పెంచారు, చిన్నప్పుడు ఊళ్ళో జనం ఆమెను చూసి ఎన్ని మాటలు అన్నారో పేపర్లలో వచ్చింది.

ఇప్పుడు ఈ కథను పిల్లలకు ఎట్లా చెప్తాం? "ఆమె కష్టపడింది, మీరూ కష్టపడండి" అంటే అది స్కూల్లో ప్రతి సారూ చెప్పేదే. ఆమె విశ్వాసం ఏమిటో మనకు తెలియదు, మన ప్రసంగానికి ఉదాహరణగా ఆమె పరుగెత్తలేదు. నాకు ఆ కథలో కనిపించేది ఊరు. ఆ మాటలు అన్న ఊళ్ళో చర్చి ఉంటే ఆ చర్చిలోని వాళ్ళు ఆ రోజు ఏం మాట్లాడి ఉండేవాళ్ళు? 1 కొరింథీ 12లో శరీరంలో బలహీనంగా కనిపించే అవయవాలే మరీ అవసరం అని పౌలు గారు రాశారు. టీచర్ గారూ, సూటిగా అడుగుతాను, మీ ఆదివారం క్లాసులో అలాంటి పిల్లలు ఎవరైనా ఉన్నారా? మా సంఘంలో అలాంటి అబ్బాయి ఉన్న కుటుంబం ఒకటి ఉంది, తల్లి ఒక్కతే గుడికి వస్తుంది, తండ్రి పిల్లాడితో ఇంట్లో ఉండిపోతాడు, ఎందుకంటే ఆరాధన మధ్యలో వాడు గట్టిగా అరిస్తే అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. ఇప్పుడు మా యూత్ పిల్లలు ఇద్దరిద్దరు వంతులు వేసుకుని వాడి పక్కన కూర్చుంటున్నారు. అరిస్తే అరవనిస్తున్నాం.

హనుమకొండ సండే స్కూల్ టీచర్:

పీఈటీ సార్, లేరు. మా వీధిలోనే ఒక పాప ఉంది, పన్నెండేళ్ళు ఉంటాయి, వాళ్ళమ్మ ఆరాధనకు వచ్చినప్పుడు కూడా పాపను తీసుకురాదు. ఈ వారమే వాళ్ళింటికి వెళ్తాను.

అక్కా, మీ అమ్మాయిని అడిగే ప్రశ్న నేను తీసుకుంటున్నాను. నోటుబుక్కులు ఇచ్చి వారమంతా ఎక్కడ కనిపించాడో, లేదా కనిపించలేదో ఒక్క లైను రాయమంటాను, చదివి వినిపించమని బలవంతం చేయను.

ఎనుమాముల అన్నా, పిల్లల్ని అడ్డా దగ్గరకు తీసుకెళ్ళాలని ఉంది, పెద్దపిల్లలను మాత్రమే. అక్కడివాళ్ళకు ఇబ్బంది కాకుండా ఎట్లా?

ఎనుమాముల గుమాస్తా:

ఆరున్నరకల్లా ఉండండి చెల్లెమ్మా, ఎనిమిది లోపు జనం బాగా ఉంటారు, మళ్ళీ పదిన్నరకు ఒకసారి రండి, రెండు సార్లూ చూస్తేనే మత్తయి 20 అర్థమవుతుంది. నలుగురైదుగురికి మించి తీసుకురావద్దు, గుంపుగా వస్తే పని ఇచ్చేవాళ్ళనుకుని అందరూ చుట్టుముడతారు, తర్వాత కాదని తెలిసి చిన్నబుచ్చుకుంటారు. ఫోటోలు వద్దు, వీడియోలు అసలే వద్దు, పాంప్లెట్లు పంచడం కూడా ఆ రోజు వద్దు. పక్కనే టీ కొట్టు ఉంటుంది, అక్కడ కూర్చుని, పదిన్నరకు మిగిలిన వాళ్ళకు టీ చెప్పి, వాళ్ళతో ఊరు, పిల్లలు, పని గురించి మాట్లాడమనండి. నేను కూడా వస్తాను, అక్కడ కొందరు నాకు తెలుసు, సీజన్‌లో యార్డుకు హమాలీ పనికి వస్తారు. ఏ రోజో చెప్పండి, మంగళవారం అయితే నాకు వీలు.

పరకాల నుంచి ఒక తండ్రి:

మంగళవారం అయితే మా అబ్బాయిని కూడా పంపిస్తాను సిస్టర్. మొదటి బస్సుకు ఎక్కిస్తే మీరు చెప్పిన టైముకు అందుకుంటాడు, ఎక్కడ దిగాలో చెప్పండి.